చార్టు సారు

పోయిన వారం బనగానపల్లె స్టాండులో బస్సు ఆపి, సీట్లోంచి దిగకుండానే వెనక్కి తిరిగి మా డ్రైవరు బాషన్న చెప్పాడు. "చార్టు సారు పోయినాడంట మా. కడపలో, కూతురింట్లో. మూడు దినాలైందంట. మనకు తెలిసేది ఇప్పుడు."

నేనేదో అడగబోయేలోగా జనం ఎక్కేశారు. మామిడికాయల కాలం కదా, మనుషుల కంటే గంపలే ముందు ఎక్కుతాయి. ఏడవడానికి తీరిక లేదు. టికెట్లు కొట్టుకుంటూ పోయాను. ఆ ట్రిప్పులో ఒక ముసలాయనకు ఆడవాళ్ళకిచ్చే ఉచితం టికెట్టు కొట్టి చేతిలో పెట్టాను. ఆయన కళ్ళద్దాలు తీసి తగిలించుకుని, తీరిగ్గా చదివి, "ఏమ్మా, ఈ వయసులో నన్ను ఆడమనిషిని చేస్తివే" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. ఎండకు కళ్ళు మండుతున్నాయేమో అనుకుని ఉంటారు.

మా డిపోలో ఇరవై ఏళ్ళకు పైగా, రిటైరయ్యేదాకా, డ్యూటీ చార్టు రాసింది ఆయనే. రేపు ఏ డ్రైవరు, ఏ కండక్టరు ఏ బస్సు మీద పోవాలో రాసి పెట్టే పని. పేరుకు గుమాస్తా ఉద్యోగం. కానీ మేనేజర్లు వస్తుంటారు, పోతుంటారు, చార్టు సారు మాత్రం అక్కడే ఉంటాడు. అందుకని మాకు మేనేజరు దగ్గర కంటే ఆయన కిటికీ దగ్గరే భయం ఎక్కువ. సాయంత్రం నాలుగైతే ఆ కిటికీ ముందు ఒకటే గుంపు. ఒకరికి చెల్లెలి పెళ్ళి, ఒకరికి బిడ్డకు జ్వరం, ఒకరికి మరదలి సీమంతం. చీటీలన్నీ తీసుకుని మేకుకు గుచ్చేవాడు. అందరికీ ఒకటే జవాబు. "బస్సుకు పెండ్లి లేదు, జరం లేదు. ఐదున్నర బస్సు ఐదున్నరకే పోవల్ల."

కంప్యూటరు వచ్చాక కూడా ముందు పెన్సిలుతో కాగితం మీద రాసేవాడు. దాన్ని పెద్ద ఆఫీసుకు చూపించడానికన్నట్టు తర్వాత కంప్యూటర్లో ఎక్కించేవాడు, అదీ ఒక వేలితో. చొక్కా జేబులో ఎప్పుడూ వేయించిన శెనక్కాయలు ఉండేవి. ఒక్కొక్కటే ఒలుచుకు తింటూ పొట్టును పాత చార్టు కాగితంలో పొట్లం కట్టేవాడు. ఎవరికీ ఒక్క గింజ పెట్టిన పాపాన పోలేదు. "పెడితే రేపు ఆ శెనక్కాయ చూపించి సెలవు అడుగుతారని భయమ్మా ఆయనకు" అనేవాడు బాషన్న.

ఇంకొక అలవాటు. మనిషిని పేరు పెట్టి పిలిచేవాడు కాదు, రూటు పేరుతో పిలిచేవాడు. "ఏమప్పా అవుకూ, నిన్న అద్దం పగిలిందంటనే?" "ఆ కోయిలకుంట్లను ఒకసారి రమ్మను." నేను పదకొండేళ్ళు బనగానపల్లె బస్సు మీదే పనిచేశాను కనుక నా పేరు బనగానపల్లె. ఒకసారి మా ఆయన డిపోకు వచ్చి నా అసలు పేరు చెప్పి అడిగితే, "ఆ పేరు మనిషి ఈడ లేదే" అన్నాడట. పాపం, అబద్ధమాడలేదు. నిజంగానే తెలియదు.

మొత్తానికి మాకు ఆయనంటే పడేది కాదు. అది దాచిపెట్టడం దేనికి? నేను కూడా ఆయన్ని తిట్టుకోని వారం లేదు.

అట్లా ఉండగా నాకు జబ్బు చేసింది. ఎడమ రొమ్ములో గడ్డ. ఆషాఢంలో కర్నూలు పెద్దాసుపత్రిలో ఆపరేషను చేశారు. ఆ తర్వాత మూడు వారాలకొకటి చొప్పున ఆరు కీమోలు, ఆ పైన కరెంటు, అంటే రేడియేషను, పెట్టాలన్నారు. రెండో కీమోకే జుట్టంతా దిండు మీదికి వచ్చేసింది. సెలవులు అయిపోవచ్చాయి. అయినా ఇంట్లో కూర్చోలేకపోవడానికి అసలు కారణం అది కాదు. చూడవచ్చేవాళ్ళు. ఆపిల్ పండ్ల సంచి బల్ల మీద పెట్టి, నా తలగుడ్డ వైపు చూసి, మా ఆయన వైపు తిరిగి "ఎట్ల ఉండాది?" అని అడిగేవాళ్ళు. నేను ఎదురుగానే కూర్చుని ఉండగా. రెండు నెలలకు నాకు ఆపిల్ పండు చూస్తేనే ఒళ్ళు మండేది.

డాక్టరమ్మ మంచిది. ఓపిక ఉన్న రోజుల్లో పని చేసుకోవచ్చని కాగితం రాసిచ్చింది. కీమో తర్వాత పది రోజులు జనంలోకి పోవద్దు, ఎడమ చేత్తో బరువు ఎత్తొద్దు అని కూడా అందులో రాసింది. ఆ కాగితం పట్టుకుని, తలకు గుడ్డ, మూతికి మాస్కు కట్టుకుని కిటికీ దగ్గరికి పోయాను. నన్ను చూసి అక్కడున్నవాళ్ళు గబగబా దారి ఇచ్చారు. పదకొండేళ్ళలో ఆ కిటికీ దగ్గర నాకెవరూ దారి ఇవ్వలేదు.

ఆయన తల ఎత్తలేదు. "ఏమ్మా బనగానపల్లె, యాడికి పోయింటివి ఇన్ని దినాలు?"

నాకు ఒళ్ళు మండింది. డిపో అంతా తెలుసు, ఈయనకు తెలియదా? కాగితం లోపలికి తోశాను. దాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని, పెన్సిలు చెక్కుకుని, అడగడం మొదలుపెట్టాడు.

"సూది మళ్ళ ఎప్పుడు?"

"పద్దెనిమిదో తేదీ సార్."

"సూది ఏసినాక ఎన్ని దినాలు లేయలేవు?"

"ఆరు. ఏడో దినం లేస్తా గానీ, కాళ్ళు వణుకుతాయి."

"కడుపులో తిప్పేది పొద్దున్నా, పైటాలకా?"

"పొద్దున. పది దాటితే బాగుంటాది."

"ఎండకు?"

"తల తిరుగుతాది."

"నిలబడితే ఎంతసేపు నిలబడగలవు?"

అప్పటికి నన్ను రెండు వందల మంది పలకరించి ఉంటారు. దేవుణ్ణి నమ్ముకోమన్నారు, బొప్పాయి ఆకు రసం తాగమన్నారు. ఎంతసేపు నిలబడగలవని ఒక్కరూ అడగలేదు. నాకే తెలియదు. "చూడల్ల సార్" అన్నాను. "చూసి చెప్పు" అన్నాడు. అంతే. పాపం అనలేదు. తగ్గిపోతుందిలే అని కూడా అనలేదు.

మర్నాటి నుంచి నాకు నెలలో రావలసిన వారపు సెలవులన్నీ తీసుకుపోయి కీమో తర్వాతి రోజుల్లో వరుసగా పేర్చాడు. అవి చాలని చోట జీతం లేని సెలవు. మిగిలిన పది పదకొండు రోజులు పదీ నలభై మహానంది బస్సు. ఆ వేళకు మొక్కులవాళ్ళు అప్పటికే పోయి ఉంటారు, బస్సు సగం ఖాళీ. దారి పొడవునా చెట్ల నీడ. సోమవారం మాత్రం వేసేవాడు కాదు. శివుడి వారం, కాలు పెట్టడానికి చోటుండదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మూడు వారాలు గడిచాకగానీ చార్టులో ఆ లెక్క నాకు తెలియలేదు.

ఒకరోజు ఆయనే మహానంది బస్సెక్కాడు. దర్శనానికేమో అనుకున్నాను. వెనక సీట్లో కూర్చుని శెనక్కాయలు ఒలుచుకుంటూ పోయి, మహానందిలో దిగకుండా అదే బస్సులో తిరిగి వచ్చాడు. నాతో ఒక్క మాట లేదు. మర్నాడు నా టికెట్టు మిషనుకు కొత్త తోలుపట్టీ ఉంది. డిపో గేటు దగ్గర చెప్పులు కుట్టే ఆయనతో కుట్టించాడట. మిషను కుడి భుజం మీంచి వేలాడుతుంది, కుడి చేయి ఖాళీగా ఉంటుంది. అంతకు ముందు మిషను కుడి చేతిలో పట్టుకుని, బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఎడమ చేత్తో పైనున్న కమ్మీ పట్టుకునేదాన్ని. సాయంత్రానికి ఆ చేయి బూరెలా వాచేది. ఇది నేను మా ఆయనకు కూడా చెప్పలేదు. కూర్చుని చూసి కనిపెట్టాడు.

డిపో అంటే దేవాలయం కాదు కదా, గొణుగుడు మొదలైంది. ఆ పదీ నలభై బస్సు సుజాతది. అందరికంటే సులువైన డ్యూటీ. దాన్ని నాకిచ్చి ఆమెను అవుకుకు వేశాడు. నడి మధ్యాహ్నం, కంకరరోడ్డు. సుజాత కిటికీ దగ్గర నిలబడి గట్టిగానే అడిగింది. "ఆయమ్మకేమో మహానంది, మాకేమో ఎండలో అవుకా సార్? మేము మనుషులం కామా?"

ఆయన పెన్సిలు కింద పెట్టి మొదటిసారి తల ఎత్తాడు. "కావల్లంటే రాస్తామ్మా. మహానంది ఒక్కటే రాయను, ఆ సూది కూడా రాస్తా. రెండూ కలిపి తీసుకుంటావా?"

సుజాత గిర్రున వెనక్కి తిరిగింది. వెనక నేను నిలబడి ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. సుజాత చెడ్డదేమీ కాదు, నేను కర్నూల్లో ఉన్నప్పుడు మా ఇంటికి వారం రోజులు సంగటి, పప్పు పంపింది. ఒకరి నీడ లాక్కుని నేను బస్సెక్కుతున్నానా అనిపించింది. రెండు రోజులు ఆలోచించి, గుంపు లేని వేళ చూసుకుని ఆయన గదిలోకి పోయాను.

"సార్, నాకీ బస్సు వద్దు. రికార్డు రూములో లైట్ డ్యూటీ వేయండి. ఒక మూల కూచుంటా. ఎవరి నోటిలో పడేది వద్దు."

"కూచో" అన్నాడు. ఎదురుగా కుర్చీలో ఉన్న ఫైళ్ళు తీసి కింద పెట్టాడు. ఆ గదిలో ఎవరినైనా కూర్చోమనడం అంతవరకు చూడలేదు.

"మద్దిలేటిని ఎరుగుదువా?"

ఎరుగుదును. నేను చేరిన కొత్తలో డోను బస్సు కండక్టరు. ఆయన గొంతు డిపో బయటికి వినపడేది. గొంతులో జబ్బు చేసిందనీ, తర్వాత ముందుగానే రిటైరు అయ్యాడనీ విన్నాను.

"ఆయప్పకు ఆపరేషనై వచ్చినాక, గొంతు సన్నమైపాయ. అరవల్లంటే కష్టం. డిపోలో ఆయప్ప అంటే అందరికీ ప్రాణం. బస్సొద్దు, దుమ్మొద్దు అని రికార్డు రూములో కూచోబెడితిమి. చార్టులో లైట్ డ్యూటీ అని రాసింది నేనే. ప్రేమతోనే రాస్తి. టీ చేతికే తెచ్చిస్తిమి. ఫైలు తీయబోతే, ఉండన్నా నేను తీస్తా అని లాక్కుంటిమి. ఆయప్ప దినామూ యూనిఫారం ఏసుకోనొచ్చి, విజిల్ జేబులో పెట్టుకోని, పొద్దుగూకేదాకా గోడ చూస్తాండె. ఒక దినం పొద్దున్నే డోను బస్సెక్కి, పాసింజర్ల సీట్లో కూచోని డోను దాకా పోయి, మళ్ళ అదే బస్సులో వచ్చినాడు. ఆ మర్నాటి నుంచి రాలేదు. వాలంటరీ రాసిచ్చె."

జేబులోంచి ఒక శెనక్కాయ తీసి, ఒలవకుండానే మళ్ళీ లోపల వేసుకున్నాడు.

"జబ్బు తగ్గిందని డాక్టరు కాగితం రాసిచ్చినాడు మా. మేమే తగ్గనీలేదు. ఒక్కరం గూడా ఆయప్పను అడగలే, ఏం చేయగలవు, ఏం చేయలేవు అని. ఇప్పటికీ ఆయప్ప ఉండే వీధిలోకి నేను పోను. ముఖం చెల్లదు."

పెన్సిలు తీసుకుని చార్టు ముందుకు లాక్కున్నాడు.

"సుజాతకు వచ్చే నెల నుంచి పొద్దున బస్సు రాస్తా, ఎండ తగలదు. ఆ సంగతి నాకిడిసిపెట్టు. నువ్వు మూల అడగద్దు. ఇంగ ఏమన్నా అడుగు."

ఆ రోజే నాకు ఆయన మీద ప్రేమ పుట్టింది. పుట్టిందని ఆయనకు చెప్పే ధైర్యం ఎప్పుడూ రాలేదు.

కీమోలు అయిపోయాయి. కరెంటు పెట్టించుకోవడానికి ఐదు వారాలు కర్నూల్లో అక్క ఇంట్లో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి డిపోకు కొత్త మేనేజరు. మంచివాడే, కాగితం మనిషి. ఏడు నెలలుగా నేను ఒక్క నెలైనా పూర్తిగా డ్యూటీ చేయలేదని ఆయన కాగితంలో కనపడింది. నన్ను డాక్టర్ల బోర్డుకు పంపి, కండక్టరు పనికి పనికిరానని రాయిస్తే, ఎక్కడైనా కూర్చునే పని ఇస్తారు, లేదంటే ఇంటికి పంపుతారు. చార్టు సారును పిలిచి అదే మాట చెప్పాడు. నేను వరండాలో ఉన్నాను, తలుపు తెరిచే ఉంది.

"ఆవిడ మంచి కోసమే చెప్తున్నానండీ. రేపు రద్దీలో పడిపోతే ఎవరు జవాబు చెప్పాలి?"

"వరండాలోనే ఉండాది సార్ ఆయమ్మ. పిలిచి అడగండి. ఆయమ్మ గురించి మనమిద్దరం మాట్లాడుకుంటే ఎట్ల?"

మేనేజరు పిలిచి అడిగాడు. పూర్తి డ్యూటీ చేయగలరా అని. డాక్టరమ్మ కొత్తగా ఇచ్చిన కాగితం చూపించి, చేస్తానన్నాను. ఆయన నమ్మలేదు. శివరాత్రి అయ్యాక చూద్దాం అన్నాడు.

శివరాత్రికి మా డిపోలో సెలవులుండవు. ఉన్న బస్సులన్నీ మహానందికే. ముందు రోజు చార్టు సారు నన్ను పిలిచాడు. "ఆరు ట్రిప్పులు రాస్తాండా. కాదంటే తీసేస్తా, ఎవురూ ఏమీ అనుకోరు. నాలుగు చేసి దిగిపోతానన్నా సరే, ఆడ ఇంకొకరిని పెడతా. నీ ఇష్టం." ఆరూ రాయమన్నాను. మా ఆయన ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

ఆ రోజు సంగతి ఎంతని చెప్పను? కోనేట్లో మునిగి తడిబట్టలతో ఎక్కేవాళ్ళు, కొబ్బరిచిప్పలు, ఏడ్చే పిల్లలు. ఎడమ చేతికి వాపు రాకుండా పొడుగు పట్టీ వేసుకుని పోయాను. మూడో ట్రిప్పుకు కాళ్ళు నావి కాకుండా పోయాయి. నాలుగో ట్రిప్పు చివర ఫుట్‌బోర్డు మీద కూలబడితే బాషన్న బానెట్ తెరిచి, ఇంజన్లో ఏదో చూస్తున్నట్టు ఐదు నిమిషాలు నటించాడు. మహానంది దగ్గర షామియానా కింద మేనేజరు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి చేతిలో కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఐదోది చేశాను. ఆరోదీ చేశాను. ఇంటికి పోయి ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను, మరునాడు మధ్యాహ్నం దాకా లేవలేదు.

బోర్డుకు పంపే కాగితం పోలేదు. మరుసటి వారం చార్టులో నా పేరు ఎదురుగా బనగానపల్లె అని ఉంది.

అంతా సర్దుకుందని మీరు అనుకుంటారు. నేనూ అనుకున్నాను. కానీ డిపోలో ఎవరూ నాతో పాత పద్ధతిలో మాట్లాడడం లేదు. నా ముందు నవ్వడానికి వెనకాడేవాళ్ళు. డబ్బు కట్టే దగ్గర వరుసలో నిలబడితే ముందుకు పంపేవాళ్ళు. ఒకసారి లెక్క తప్పు కట్టి ఇచ్చినా లెక్కల గుమాస్తా గొణక్కుండా తనే దిద్దుకున్నాడు. నేను మనిషినో, ఆసుపత్రి నుంచి వచ్చిన సామానునో నాకే అర్థమయ్యేది కాదు.

ఆ ఎండాకాలం ఒకరోజు మా వీధి కొళాయికి నీళ్ళు ఆలస్యంగా వచ్చాయి. మా ఊళ్ళో వేసవిలో రోజు మార్చి రోజు నీళ్ళు, పట్టుకోకపోతే రెండు రోజులు గతి లేదు. బిందెలు నింపి, పరిగెత్తుకుంటూ డిపోకు చేరేసరికి పది నిమిషాలు ఆలస్యం. బస్సు స్టార్టు చేసి బాషన్న ఎదురు చూస్తున్నాడు. కిటికీ దగ్గర మిషను తీసుకోవడానికి పోయాను. సుజాత, ఇంకా ఇద్దరు ముగ్గురు అక్కడే ఉన్నారు.

"బనగానపల్లే." ఆ గొంతు గేటు దాకా వినపడింది. "టయం ఎంతాయ? యాభై మంది ఆడ స్టాండులో నిలబడి మొగం చూస్తాండారు. బస్సు నీ అబ్బ సొత్తా? ఇంటికాడ తీరిగ్గా తలదువ్వుకోని వచ్చేదానికి ఇది పేరంటమనుకుంటివా?"

తల దువ్వుకోవడానికి అప్పటికి నాకు రెండంగుళాల జుట్టు కూడా లేదు. అందరూ బిక్కచచ్చిపోయారు. సుజాత ముందుకు వచ్చింది.

"పోనీలే సార్. ఆయమ్మను గూడా అంటే ఎట్ల?"

ఆయన సుజాత వైపు చూశాడు. తర్వాత నా వైపు, కింది నుంచి పై దాకా, ఏదైనా కనపడుతుందేమో అని వెతికినట్టు చూశాడు.

"ఆయమ్మకేమైంది?"

నేను మిషను లాక్కుని బస్సు దగ్గరికి పరిగెత్తాను. బనగానపల్లె దాకా ఏడుస్తూనే టికెట్లు కొట్టాను. అంత సంతోషం నా బిడ్డ పుట్టినప్పుడు కూడా నాకు కలగలేదు.

సాయంత్రం దిగేసరికి మెమో సిద్ధంగా ఉంది. పది నిమిషాల ఆలస్యానికి కారణం రాతపూర్వకంగా తెలపాలి. పది నెలలుగా ఆఫీసుకు ఏ కాగితం రాసినా అందులో కారణం నా జబ్బే. అక్కడే బల్ల మీద పెట్టుకుని జవాబు రాశాను. వీధి కొళాయికి నీళ్ళు ఆలస్యంగా వచ్చినందువలన అని రాసి, కింద నా పేరు, దాని పక్కన బనగానపల్లె రూటు అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.